కితాబు మారింది సరే, మహ్ఫిల్ ఎందుకు చెదరాలి?

ఆట ఖానూన్ మారినప్పుడు ఎవరి మాట నెగ్గాలి? కితాబు అచ్చేసిన కంపెనీదా, ఏళ్ల తరబడి ఆడుతున్న పెద్ద పిల్లలదా, నిన్నగాక మొన్న వచ్చి కూర్చున్న చిన్నపిల్లదా? నా జవాబు ముందే చెప్పేస్తాను. మహ్ఫిల్ మాట నెగ్గాలి. అంటే ఆ బల్ల చుట్టూ కూర్చున్న వాళ్లందరూ కలిసి చేసుకున్న ఫైసలా నెగ్గాలి. ఈ మాట ఇంత జోరుగా ఎందుకు అంటున్నానో చదివాక మీరే చెప్పండి, సహీనా గలతా అని.

ముందు ఆట సంగతి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని ఒక అమెరికన్ ఆట ఉంది. పిల్లలు ముద్దుగా డీ అండ్ డీ అంటారు. క్యారమ్ బోర్డులాంటి బోర్డు తప్పనిసరి కాదు, టీవీ తెర అక్కర్లేదు. నలుగురైదుగురు మనుషులు, కాగితాలు, పెన్సిళ్లు, ఇరవై ముఖాల పాచిక ఒకటి, ఇంకొన్ని చిన్న పాచికలు. ఒకడు కథ నడుపుతాడు, వాణ్ణి డంజన్ మాస్టర్ అంటారు. మిగిలిన వాళ్లు తలా ఒక కిర్దార్ తీసుకుంటారు. ఒకరు కత్తి పట్టిన సిపాయి, ఒకరు జాదూగర్, ఒకరు తాళాలు విప్పే దొంగ. "గుహలో అడుగు పెట్టారు, లోపల ఏదో ఊపిరి పీలుస్తున్న చప్పుడు, ఏం చేస్తారు?" అని మాస్టర్ అడుగుతాడు. వీళ్లు చెబుతారు. అనుకున్నది జరుగుతుందో లేదో సందేహం ఉన్నచోట పాచిక వేస్తారు.

ఇది మన ఇళ్లకు మరీ కొత్త చీజ్ ఏమీ కాదు. అమీర్ హమ్జా దాస్తాన్ విన్న ఖాందాన్లు మనవి. తిలిస్మ్-ఎ-హోష్‌రుబా ఏడు జిల్దుల్లో జాదూగర్లు, దేవ్‌లు, పరీలు, అయ్యార్లు అన్నీ ఉన్నాయి. ఉమ్రో అయ్యార్ జంబీల్ గుర్తుందా? ఆ సంచీలో ఎంత వేసినా పడుతుంది, దునియా మొత్తం అందులోనే. డీ అండ్ డీలోనూ అలాంటి సంచీ ఒకటి ఉంది, బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్ అంటారు. అది వినగానే మా అమ్మీ నవ్వి, "అరే, ఏ తో ఉమ్రో కా జంబీల్ హై" అంది. తేడా ఒక్కటే. దాస్తాన్‌గో చెబుతుంటే మనం వాహ్ వాహ్ అంటూ వినేవాళ్లం. ఇక్కడ ఉమ్రో ఏం చెయ్యాలో వినేవాళ్లే చెబుతారు.

పాచిక అనగానే కొందరు బుజుర్గులు ముఖం చిట్లిస్తారు. వాళ్లను తప్పు పట్టను. మన ఇళ్లలో పాచిక పేరెత్తితే జూదమే గుర్తొస్తుంది, నర్ద్ ఆట విషయంలో ఉలమాలు గట్టిగానే చెప్పారు. ఈ ఆటలో పందెం లేదు, పైసా చేతులు మారదు, ఒకరు గెలిచి ఇంకొకరు ఓడేదీ లేదు. అయినా మస్లా అడగాలనుకుంటే మీ మౌలానా గారినే అడగండి. నేను అఖ్బార్ వాణ్ణి, ముఫ్తీని కాను. అడిగేముందు ఒక గంట పిల్లల పక్కన కూర్చుని చూడండి, సవాలు సరిగ్గా అడగగలుగుతారు.

ఇప్పుడు అసలు బహస్. ఈ ఆటకు 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ పదేళ్లు రాజ్యం చేసింది. మన పిల్లల్లో ఎక్కువమంది నేర్చుకున్నది దాన్నే. 2024 సెప్టెంబర్‌లో ఆటగాళ్ల కితాబు, నవంబర్‌లో మాస్టర్ కితాబు, 2025 ఫిబ్రవరిలో రాక్షసుల కితాబు కొత్తగా రాసి విడుదల చేశారు. ఒక్కొక్కటి 384 పేజీలు. కంపెనీ దీన్ని ఆరో ఎడిషన్ అనలేదు, పాత కథలు కొత్త ఖానూన్‌తో కూడా ఆడుకోవచ్చు అంది. పేరు ఏదైనా, కూర్చుని చదివిన వాళ్లకు తెలుసు, దాదాపు ప్రతి పేజీలో ఏదో ఒకటి మారింది.

మా ఖాందాన్‌లో ఇది ఎంతదాకా వచ్చిందంటే, మూడు వారాలు ఆట బంద్ అయింది. మా ఆపా కొడుకు షికాగోలో ఉంటాడు, వాడే మాస్టర్. హైదరాబాద్ నుంచి మా భాయీజాన్ కొడుకు, నా కూతురు, గుంటూరు నుంచి మా ఖాలా మనవళ్లు ఇద్దరు ఆడతారు. ఇక్కడ ఆదివారం రాత్రి ఏడున్నర అయితే అక్కడ పొద్దున తొమ్మిది. నాలుగేళ్లుగా నడుస్తున్న దాస్తాన్ అది. షికాగో వాడు కొత్త కితాబులు మూడూ కొన్నాడు. "మామూ, దస్ సాల్ హో గయే, కబ్ తక్ వహీ?" అంటాడు. భాయీజాన్ కొడుకు తన మొదటి స్టైపెండ్‌తో పాత కితాబు కొనుక్కున్నాడు, దాని అంచులు అరిగిపోయాయి, ఏ మంత్రం ఏ పేజీలో ఉందో చూడకుండా చెబుతాడు. "నయా నక్కో చాచా, పురానాచ్ అచ్ఛా" అంటాడు. గుంటూరు పిల్లలకు రెండూ ఒకటే, ఆడితే చాలు.

మూడో ఆదివారం అమ్మీ అడిగింది, "దాస్తాన్ కైకు బంద్ కరే?" అని. ఆమెకు ఎడిషన్ల గొడవ తెలియదు. ఆమెకు తెలిసింది ఒక్కటే. షికాగో మనవడు వారానికి రెండు గంటలు ఉర్దూలో మాట్లాడేది ఆ ఆటలోనే. ఫోన్ చేస్తే "అచ్ఛా నానీ, ఠీక్ నానీ" తప్ప ఇంకో మాట రాదు. ఆటలో మాత్రం భూతాన్ని తిట్టడానికి గుంటూరు వాళ్ల దగ్గర తెలుగు తిట్లు కూడా నేర్చుకున్నాడు. ఆ రెండు గంటలు పోతే ఆ పిల్లలను కలిపి ఉంచే తాడు ఇంకొకటి మా దగ్గర లేదు. అందుకే ఇది పిల్లల గొడవే కదా అని నేను వదిలెయ్యలేదు. రెండు కితాబులూ దగ్గర పెట్టుకుని చదివాను.

చదివాక నాకు అర్థమైంది చెబుతాను. కొన్ని మార్పులు ఖుల్లంఖుల్లా మంచివి. పాత ఖానూన్‌లో గాయం మాన్పే దవా తాగితే ఆ వంతు మొత్తం ఖర్చయిపోయేది, కత్తి ఎత్తడానికి వీలుండదు. కొత్తదాంట్లో దవా తాగి కత్తి కూడా ఎత్తొచ్చు. చాలా బల్లల దగ్గర పిల్లలు ఎప్పటినుంచో ఇలాగే ఆడుతున్నారు, కితాబు ఇప్పుడు వాళ్ల దారికి వచ్చింది. అలసట సంగతీ అంతే. పాతదాంట్లో ఆరు మెట్లకు ఆరు రకాల శిక్షలు, ఎవరికీ గుర్తుండేవి కావు. ఇప్పుడు మెట్టుకు రెండు చొప్పున పాచిక లెక్కలోంచి తీసెయ్యడం, నడక కాస్త తగ్గడం. ఆరో మెట్టు దగ్గర మౌత్, అది మాత్రం మారలేదు.

సిపాయి కిర్దార్‌కు కూడా ఇన్సాఫ్ జరిగింది. పాత ఆటలో జాదూగర్‌కు వంద దారులు, పాపం సిపాయికి కొట్టడం, మళ్లీ కొట్టడం. కొత్తదాంట్లో ఒక్కో ఆయుధానికి ఒక్కో హునర్ ఉంది. ఒకటి ఎదుటివాణ్ణి పడగొడుతుంది, ఒకటి వెనక్కి నెడుతుంది, గురి తప్పినా ఎంతోకొంత గాయం చేసేది ఇంకొకటి. దీనికి నుక్సాన్ కూడా ఉంది. ప్రతి దెబ్బకూ ఇంకో పాచిక, ఇంకో లెక్క. ఐదుగురు ఆడుతుంటే లడాయి నిడివి పెరుగుతుంది. పాత ఖిలాడీలు దీని మీద గొణుక్కుంటే అది ఉత్త జిద్దు కాదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన మార్పు వేరే ఉంది. పాత కితాబులో ప్రతి కిర్దార్‌కు రేస్ ఉండేది, ఇప్పుడు స్పీషీస్ అన్నారు. పేరు ఒక్కటే మారలేదు. పాతదాంట్లో నువ్వు ఎల్ఫ్‌గా పుడితే పుట్టుకతోనే చురుకుదనం రెండు పాయింట్లు ఎక్కువ, డ్వార్ఫ్‌గా పుడితే ఒంటి గట్టిదనం ఎక్కువ. కొత్తదాంట్లో ఆ పాయింట్లు పుట్టుక నుంచి తీసి, కిర్దార్ అంతకుముందు చేసిన పనికి ఇచ్చారు. రైతుగా బతికావా, బలం, ఒంటి గట్టిదనం, లోకజ్ఞానం, ఈ మూడింటిలో పెంచుకో. ఎవరి కడుపున పుట్టావన్నదాన్ని బట్టి నీ అక్ల్ ఇంత అని రాసిపెట్టే రివాజు పోయింది.

ఉర్దూ మీడియం బడిలో చదివి తెలుగు డిగ్రీలో చేరినవాణ్ణి నేను. "మీ వాళ్లకు తెలుగు రాదు కదా" అన్న మాట మొదటి రోజే విన్నాను. పుట్టుకను చూసి పాయింట్లు వేసే లెక్క ఎలా ఉంటుందో నాకు కితాబు చదివి తెలుసుకోవాల్సిన పని లేదు. కాబట్టి ఈ మార్పును దిల్ నుంచి స్వాగతిస్తాను. అయినా ఒక ఫిర్యాదు ఉంది. ఒక్కో పనికి మూడే గుణాలు కట్టేశారు. రైతుగా బతికినవాడికి మాటకారితనం పెంచుకునే హక్కు ఆ పేజీలో లేదు. పుట్టుక సంకెళ్లు తీసి కసబ్ సంకెళ్లు వేసినట్టయింది. మన ఊళ్లలో వీటి మధ్య ఎంత తేడా ఉందో మీకు తెలియనిది కాదు.

ఇంకొకటి. పాత కితాబులో హాఫ్ ఎల్ఫ్ అని ఒక కిర్దార్ ఉండేది. తల్లి ఒక జాతి, తండ్రి ఒక జాతి. రెండు లోకాల్లోనూ కాలు, ఏ లోకంలోనూ పూర్తి ఇల్లు లేదు. కొత్త ఆటగాళ్ల కితాబులో హాఫ్ ఎల్ఫ్, హాఫ్ ఆర్క్ పేజీలు లేవు. ఆర్క్‌కు సొంత పేజీ వచ్చింది, నడుమ వాళ్లకు మాత్రం పోయింది. నా కూతురు నాలుగేళ్లుగా ఆడుతున్నది హాఫ్ ఎల్ఫే. "అబ్బా, నా పేజీ ఏది?" అంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, పరీక్షల్లో ఇంగ్లీషు రాసే పిల్ల ఆ సవాలు వేస్తే మామూలు సవాలు కాదది. జవాబు కూడా ఆ కితాబులోనే ఉంది. పాత కితాబుల్లోని కిర్దార్లను కొత్త ఆటలోకి తెచ్చుకోవచ్చని ఇజాజత్ ఇచ్చారు. పేజీ పోయినా పిల్ల పోలేదు.

ఇక ఎడిషన్ మారడం ఈ ఆటకు మొదటిసారి కాదు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో దీన్ని మొదలుపెట్టారు. 1989లో రెండో ఎడిషన్ వచ్చింది. అప్పటి లెక్కలో కవచం నంబరు ఎంత తగ్గితే అంత గట్టిదని అర్థం. దెబ్బ తగిలిందో లేదో తేల్చడానికి తీసివేతలు చెయ్యాలి. 2000లో మూడో ఎడిషన్ ఆ లెక్కను తలకిందులు చేసింది, నంబరు పెరిగితేనే గట్టి. పదేళ్లు తీసివేతలు బట్టీ పట్టినవాళ్లకు ఎంత తక్లీఫ్ అయ్యుంటుందో ఊహించండి. ఇవాళ ఆ తీసివేతలు తిరిగి కావాలనేవాళ్లు కొద్దిమందే. 2008లో నాలుగో ఎడిషన్ వచ్చినప్పుడు మాత్రం చాలామంది వెళ్లిపోయారు. పాత ఖానూన్‌ను నడిపిస్తూ పైజో అనే కంపెనీ 2009లో పాత్‌ఫైండర్ అనే ఆట తెచ్చింది, జనం అటు మళ్లారు. కొత్తదల్లా మంచిదే అయితే వాళ్లు వెళ్లేవాళ్లు కాదు. పాతదల్లా మంచిదే అయితే తీసివేతల లెక్క పోయేది కాదు. మార్పును ఒక్కొక్కటిగా తూకం వెయ్యాలి తప్ప మూటగట్టి ఒప్పుకోవడమూ మూటగట్టి పారెయ్యడమూ రెండూ బద్ధకమే.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి. అమెరికాలో ఒక్కో కితాబు ధర 49.99 డాలర్లు. మూడు కొంటే నూట యాభై. గుంటూరు పిల్లల అబ్బా ఆటో పార్టుల దుకాణంలో పని చేస్తాడు. షికాగో వాడి నోట "అందరూ కొత్తవి కొనండి" అన్న మాట తేలిగ్గా వచ్చింది, గుంటూరులో అది బరువుగా పడింది. పిల్లలు పైకి అనలేదు. మాస్టర్‌గా కూర్చున్నవాడు ఎవరి హైసియత్ ఎంతో అడగకుండా తెలుసుకోవాలి.

అదృష్టం కొద్దీ దీనికి దారి ఉంది, దాని వెనుక ఒక లడాయి కూడా ఉంది. ఈ ఆట ఇప్పుడు విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ చేతిలో ఉంది, దాని మాలిక్ హాస్‌బ్రో. ఈ ఆట ఖానూన్ వాడుకుని ఎవరైనా తమ కథలు రాసి అమ్ముకోవచ్చని 2000లో ఒక లైసెన్స్ ఇచ్చారు. 2023 జనవరిలో ఆ లైసెన్స్ మార్చి, పెద్ద ఆమదనీ ఉన్నవాళ్ల నుంచి వాటా వసూలు చేసే ముసాయిదా ఒకటి బయటికి పొక్కింది. ఆటగాళ్లు గోల గోల చేశారు. ఆ నెల 27న కంపెనీ వెనక్కి తగ్గి, ఐదో ఎడిషన్ మూల ఖానూన్‌ను క్రియేటివ్ కామన్స్ కింద పెట్టేసింది. అది తిరిగి లాక్కోవడం కుదరని ఇజాజత్. 2025 ఏప్రిల్‌లో కొత్త ఖానూన్ మూల పాఠం కూడా అలాగే ముఫ్త్‌గా పెట్టారు. కాబట్టి రెండు ఎడిషన్ల మూలమూ పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. అన్ని మంత్రాలూ అన్ని కిర్దార్లూ అందులో ఉండవు, ఆడటానికి మాత్రం సరిపోతుంది.

ఇంకో ఖబర్ కూడా గుర్తుంచుకోండి. 2024 ఆగస్టులో, ఆ కంపెనీ నడిపే డీ అండ్ డీ బియాండ్ అనే వెబ్‌సైట్‌లో పాత మంత్రాలు తీసి వాటి చోట కొత్తవి పెడతామన్నారు. పాతవి డబ్బు పెట్టి కొనుక్కున్నవాళ్లు మండిపడ్డారు, కొద్ది రోజుల్లోనే ఆ ఫైసలా మానుకున్నారు. అల్మారాలో ఉన్న కాగితం కితాబు రాత్రికి రాత్రి మారదు. తెర మీద కొన్నది మారొచ్చు. అరిగిన అంచుల కితాబును పట్టుకుని వదలని మా భాయీజాన్ కొడుకు జిద్దులో ఈ మాత్రం హిక్మత్ ఉంది.

"పాతవాళ్లు కొత్తవాళ్లను రానివ్వరు, వాళ్ల ఇల్మ్ అంతా గుమ్మం దగ్గర పహరా కాయడానికే" అని కొందరంటారు. అలాంటి వాళ్లు ఉన్నారు, కాదనను. కొత్తగా వచ్చిన పిల్ల "దవా తాగి కత్తి ఎత్తుతా" అంటే "అది మా ఎడిషన్‌లో లేదు" అని నలుగురిలో చిన్నబుచ్చితే ఆమె రెండోసారి రాదు. కానీ పదేళ్ల ఖానూన్ కంఠస్థం చేసినవాడికి "నీకు తెలిసిందంతా బేకార్ ఇప్పుడు" అని చెబితే వాడికీ అంతే తగులుతుంది. నేర్చుకున్నది ఎవరైనా ఒక ఉస్తాద్ దగ్గర, రాత్రుళ్లు కూర్చుని నేర్చుకున్నదే. దాన్ని అదబ్‌తో పక్కన పెట్టించాలి, చెత్తబుట్టలో వేయించకూడదు.

మరి ఎలా సర్దుకోవాలి? నా మష్వరా ఇది. నడుస్తున్న దాస్తాన్ మధ్యలో ఖానూన్ మార్చకండి, అందరూ దిల్ నుంచి ఒప్పుకుంటే తప్ప. హోష్‌రుబా మొదటి నాలుగు జిల్దులు ముహమ్మద్ హుసేన్ జాహ్ రాశాడు, తర్వాతి మూడు అహ్మద్ హుసేన్ ఖమర్ రాశాడు. కలం మారింది, దాస్తాన్ ఆగలేదు. ఎందుకంటే జిల్దు పూర్తయ్యాక మారింది. మీరూ ఒక కథ ముగించి, కొత్త కథతో కొత్త కితాబు తెరవండి. దానికి ముందు ఒక్క రాత్రి చిన్న కథ ఒకటి కొత్త ఖానూన్‌తో ఆడి చూడండి. ఆడకుండా చేసే బహస్‌కు అంతుండదు.

ఒక బల్లకు ఒకటే ఖానూన్ ఉండాలి. ఒకడు పాతది, ఒకడు కొత్తది చూసుకుంటూ ఆడితే ప్రతి పాచికకూ తకరారే. ఉదాహరణకు దొంగచాటుగా మీద పడితే, పాతదాంట్లో ఎదుటివాడు మొదటి వంతు పూర్తిగా పోగొట్టుకుంటాడు. కొత్తదాంట్లో వంతుల పాచిక వేసేటప్పుడు మాత్రమే వెనకబడతాడు. ఇది ముందే తేల్చుకోకపోతే బతికేది ఎవరో చచ్చేది ఎవరో మారిపోతుంది. పాతదాంట్లోంచి ఏది ఉంచుకున్నాం, కొత్తదాంట్లోంచి ఏది తెచ్చుకున్నాం, ఒక కాగితం మీద రాసి అందరికీ పంపండి. పాత ఖిలాడీకి ఆ కాగితం రాసే పని ఇవ్వండి. వాడి ఇల్మ్‌కు ఇజ్జత్ దక్కుతుంది, కొత్తది చదవక తప్పదు కూడా.

మా వాళ్లు చివరికి ఇంతవరకు వచ్చారు. పాత దాస్తాన్ పాత ఖానూన్‌తోనే ముగిస్తారు, దవా మాటొక్కటి కొత్తదాంట్లోంచి తెచ్చుకున్నారు. రంజాన్ తర్వాత కొత్త కథ, కొత్త ఖానూన్, ముఫ్త్ పాఠంతో. హాఫ్ ఎల్ఫ్ ఉంటుంది. భాయీజాన్ కొడుకు మాత్రం కొత్త కథలో ఆడతానని ఇంకా మాటివ్వలేదు. వచ్చి వింటానన్నాడు. వినడానికైనా వస్తాడు, అది చాలు ప్రస్తుతానికి.

అమ్మీ అబ్బాలకు ఒక మాట. పిల్లలు వచ్చి "కొత్త ఎడిషన్ కొనిపెట్టండి" అంటే వెంటనే హౌ అనకండి, నక్కో అనీ అనకండి. "మీ మహ్ఫిల్‌లో అందరినీ అడిగారా? కొనలేని వాళ్ల సంగతేం చేశారు?" అని అడగండి. ఆ రెండు సవాళ్లకు వాళ్ల దగ్గర జవాబుంటే, ఏ కితాబుతో ఆడినా ఫరక్ పడదు.